చేతులూపుకుంటూ రమ్మన్న డాక్టరమ్మగారు

మా డాక్టరమ్మగారు పోయారన్న కబురు సోమవారం పొద్దున్న పదింటికి వచ్చింది. అప్పుడు నేను క్లినిక్‌లో ఒక పెద్దాయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తున్నాను. బల్ల మీద ఫోను మోగింది. డాక్టరమ్మగారి చెల్లెలుగారి పేరు కనిపించగానే సంగతి తెలిసిపోయింది. అయినా ఫోను ఎత్తలేదు. నూట నలభై, ఎనభై అని చీటీ మీద రాసి, పట్టీ విప్పి, అప్పుడు ఎత్తాను. ఎదురుగా ఉన్న మనిషిని సగంలో వదిలేసి ఫోను ఎత్తడం మా క్లినిక్‌లో పెద్ద తప్పు. ఆవిడ పోయిన వార్తయినా సరే, ఆవిడ ఒప్పుకునేవారు కాదు.

"అక్క వెళ్లిపోయిందమ్మా, తెల్లారుజామున" అన్నారు చెల్లెలుగారు.

"డాక్టరమ్మగారేనామ్మా?" అని అడిగారు పెద్దాయన.

"అవునండీ" అనబోయి ఏదో అన్నాను. ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకుని గుండీ పెట్టుకున్నారు. మళ్లీ విప్పారు. మళ్లీ పెట్టుకున్నారు.

నేను ఆ క్లినిక్‌లో పదకొండేళ్లుగా నర్సుని. ఇన్నాళ్లూ నేను రాసినవి బీపీలూ షుగర్లే కాబట్టి, ఇందులో ఎక్కడైనా తడబడితే ఏమీ అనుకోకండి. నాకు నోరు ఎక్కువని మామిడికుదురులో అందరికీ తెలుసు. ఆవిడకి ఇంకా బాగా తెలుసు. మామూలుగా నన్ను "సిస్టరూ" అని పిలిచేవారు. కోపం వస్తే "సిస్టరుగారూ" అనేవారు. ఆ "గారు" చెవిన పడితే నా పని అయిపోయినట్టే.

ముందు మా క్లినిక్ పద్ధతి చెప్పాలి. బయటివాళ్లకి అది వింతగా ఉంటుంది. మాకూ మొదట్లో వింతగానే ఉండేది. మా దగ్గర చూపించుకున్నప్పుడల్లా ఫీజు ఉండదు. ఇంటికింతని నెల మొదట్లో కట్టేస్తారు. జబ్బు ఉన్నా కట్టాలి, లేకపోయినా కట్టాలి. కట్టిన ఇంట్లో మనుషులు ఎన్నిసార్లయినా రావచ్చు, ఫోను చేయవచ్చు. కదల్లేని వాళ్లుంటే డాక్టరమ్మగారే ఇంటికి వెళతారు. బీపీ, షుగరు, కట్లు కట్టడం, సూదులు, అన్నీ అందులోనే. ఆపరేషన్లూ స్కానింగులూ మా పని కాదు. అలాంటివి వస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఆవిడే చెప్పి, అక్కడి డాక్టరుకి ఉత్తరం రాసి, తర్వాత ఫోను చేసి మరీ కనుక్కునేవారు. నాలుగు వందల ఇళ్లు. అంతకు ఒక్క ఇల్లు ఎక్కువైనా చేర్చుకోరు.

ఊళ్లో మొదట్లో దీన్ని "కేబుల్ టీవీ వైద్యం" అన్నారు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టారైతే, నెలంతటికీ కట్టాక ముప్పై రోజులూ రావాలి కదా అని రోజూ వచ్చేవారు. రోజూ నాడి చూపించుకునేవారు. ఆవిడ విసుక్కోకుండా రోజూ చూసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. నెల తిరిగేసరికి ఆయనకే విసుగొచ్చి వారానికోసారికి దిగారు.

ఆవిడ అంతకుముందు ఒక పెద్ద ఊళ్లో పెద్ద ఆసుపత్రిలో చేసేవారు. అక్కడ ఎందుకు మానేశారని ఒకసారి అడిగాను. "అక్కడ నాకు ఫైలు నంబరు గుర్తుండేది సిస్టరూ, మొహం గుర్తుండేది కాదు. ఒక్కో మనిషికి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో మూడు నిమిషాలు కంప్యూటరుకే పోయేవి" అన్నారు. ఇంకోసారి, టీ తాగుతూ, ఇంకొంచెం లోపలి మాట చెప్పారు. "జనానికి జబ్బు చేసినప్పుడల్లా నాకు డబ్బులొస్తే, మీకు జబ్బు చెయ్యాలని నాలో ఏదో ఒక మూల కోరుకుంటుంది. నేనంత మంచిదాన్ని కాదు. అందుకే ఆ కోరిక పుట్టే దారే మూసేశాను." ఈ మాట నాకు చాలా రోజులు అర్థం కాలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు ఇలాగే ఏదో ఒకటి అంటారులే అనుకున్నాను.

ఆవిడకి కొన్ని అలవాట్లుండేవి. రోగులు గేటు తీసుకుని వస్తుంటే కిటికీలోంచి వాళ్ల నడక చూసేవారు. మనిషి లోపలికొచ్చి కూర్చునేసరికి సగం సంగతి ఆవిడకి తెలిసిపోయేది. మందుల చీటీ పెన్సిలుతో రాసుకుని, రోగికి చదివి వినిపించి, అర్థమైందన్నాక దాని మీద పెన్నుతో రాసేవారు. రోగి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రారు. నేను అడ్డం వస్తే మటుకు, "సిస్టరుగారూ, జబ్బు ఆయనదా, మీదా?" అనేవారు.

ఇప్పుడు మా నాన్న సంగతి. నిజానికి నేను రాయాలనుకున్నది ఇదే.

మాది మామిడికుదురు పక్కనే ఉన్న నగరం అనే ఊరు. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా దింపు తీశాడు. అంటే కొబ్బరిచెట్లెక్కి కాయలు కోసే పని. ఈ చుట్టుపక్కల తోటల్లో ఆయన ఎక్కని చెట్టు లేదు. ఎక్కీ ఎక్కీ అరికాళ్లు చెప్పు తోలులా అయిపోయాయి. దాని మీద షుగరొకటి. ముల్లు దిగినా తెలియని కాళ్లు. నేను పని చేసేచోట ఊరికే చూపించుకోవడం ఏమిటని, క్లినిక్‌కి కట్టాల్సింది తన సంపాదనలోంచే కట్టేవాడు. పని మానేసి నా దగ్గర ఉంటున్నప్పుడు కూడా, దాచుకున్న దాంట్లోంచి ఆయనే తీసి ఇచ్చేవాడు.

మా వైపు మనుషుల మొహమాటం గురించి తెలియనివాళ్లకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఎవరింటికైనా ఉత్తి చేతులతో వెళ్లడం మావాళ్లకి చేతకాదు. కట్టింది ఒకటో తారీకున. మనిషి వచ్చేది ఇరవయ్యో తారీకున. కూర్చోబెట్టి అరగంట చూసి, మందు రాసి, చేతికి ఇస్తే, తిరిగి ఏమీ ఇవ్వకుండా లేచి వెళ్లిపోవడమా? ఒకటో తారీకు సంగతి బుర్రకి తెలుసు, చేతులకి తెలియదు. అందుకని ఏదో ఒకటి తెచ్చేవారు. బొండాలు, అరటి గెలలు, ములక్కాడలు, కందదుంపలు. ఒకాయన బతికున్న కోడిని తెచ్చాడు. అది సంచిలోంచి తప్పించుకుని, పడుకోబెట్టి పరీక్ష చేసే బల్ల కిందికి దూరింది. ఆ పూట మేం ఇద్దరు రోగుల్ని వరండాలో చూడాల్సి వచ్చింది.

ఆవిడ నవ్వేసేవారు. తెచ్చినవన్నీ నేను నలుగురికీ పంచేదాన్ని. మాకు ముచ్చటగానే ఉండేది. తోటలున్నవాళ్లు తెస్తున్నారు, పెరడున్నవాళ్లు తెస్తున్నారు. తేవడానికి ఏమీ లేనివాళ్లు ఏం చేస్తున్నారో మేమిద్దరం ఆలోచించలేదు. అన్నేళ్లు ఊరందరి కాయలూ కోసిన మా నాన్నకి సొంతానికి ఒక్క చెట్టు లేదు. ఆ సంగతి కూతుర్ని, నాకూ తట్టలేదు.

ఆషాఢంలో ఒకరోజు సాయంత్రం వర్షం పడుతుంటే డాక్టరమ్మగారు నన్ను కారులో ఇంటి దగ్గర దింపారు. "మీ ఇల్లెప్పుడూ చూళ్లేదు సిస్టరూ" అంటూ లోపలికి వచ్చారు. వచ్చినావిడ గుమ్మంలోనే ఆగిపోయారు.

"మీ ఇంట్లో ఎవరికి పుండుంది?"

"పుండా? ఎవరికీ లేదండీ" అన్నాను. వంటింట్లో ఏ ఎండుచేపల వాసనో అనుకుని ఉంటారని లోపల కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

ఆవిడ చూపు మంచం మీద కూర్చున్న మా నాన్న కాళ్ల మీద పడింది. ఆయన కాళ్లకి కాన్వాసు బూట్లున్నాయి. మూడు వారాలుగా ఇంట్లో కూడా అవి వేసుకునే తిరుగుతున్నాడు. నేను రోజూ వేళాకోళం చేస్తూనే ఉన్నాను, ఈ వయసులో నాన్న షోకులు చూడండర్రా అని.

"బాబాయ్‌గారూ, ఇంట్లో బూట్లేంటండీ?"

"చలండీ, ఆయ్."

"చలేంటండీ, నాకు చెమట్లు కారిపోతంటేను?"

నాన్న కాళ్లు మంచం కిందికి లాక్కున్నాడు. ఆవిడ వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చున్నారు. బూటు లేసు మీద చెయ్యి వేశారు. నాన్న మంచం మీద నుంచి లేవబోయాడు.

"వద్దమ్మగారూ! మీరు నా కాలు ముట్టుకోకూడదు!"

"ముట్టుకోకుండా ఎలా చూత్తానండీ?"

"చూడొద్దండీ. బాగానే ఉందండీ, ఆయ్. నిజంగా బాగానే ఉందండీ."

కొత్తపేట వైపు పెద్ద రైతుల ఇంటి ఆడపడుచు ఆవిడ. అలాంటివాళ్ల వాకిట్లో మా నాన్న ఏనాడూ కుర్చీలో కూర్చుని ఎరగడు. ఆవిడ ఆయన మడమ తన ఒళ్లో పెట్టుకుని గుడ్డ విప్పుతుంటే, నొప్పికి చలించని మనిషి మొహం రెండు చేతులతోనూ మూసుకున్నాడు. బొటనవేలి కింద నల్లగా ఉంది. ఎప్పుడో కొబ్బరి చిప్ప పెంకు గుచ్చుకుందట. పసుపూ కొబ్బరినూనే పెట్టి, నేను డ్యూటీకి వెళ్లాక దొడ్లో కడుక్కుని, గుడ్డ చుట్టి, బూటు తొడిగేవాడట. నర్సు ఇంట్లో, నర్సు కళ్ల ముందు, మూడు వారాలు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నారావిడ, చాలా నెమ్మదిగా.

"కిందటి నెల రెండుసార్లు వచ్చేనండీ మీ దగ్గరికి. రెండుసార్లూ ఉత్తి చేతుల్తోనే వచ్చేను. మళ్లీ అలాగే రాడానికి మొహం చెల్లలేదండీ. అమ్మాయికి చెప్తే మీకు చెప్పేత్తాదని…"

"బట్టలు సర్దండి సిస్టరూ" అన్నారావిడ. ఆ వర్షంలోనే కాకినాడ తీసుకెళ్లారు. కాలు ఉంటుందో పోతుందో నాలుగు రోజుల దాకా ఎవరూ చెప్పలేదు. ఆవిడ రోజూ క్లినిక్ మూసేసి వచ్చి, అక్కడి సర్జనుతో మాట్లాడి, మళ్లీ వెళ్లిపోయేవారు. చివరికి రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది.

ఆసుపత్రి వరండాలో నేను ఏడుస్తుంటే పక్కన కూర్చున్నారు. ఓదారుస్తారనుకున్నాను. "తప్పు నాదే" అన్నారు. "మీ నాన్నగారు నెల పైన రాలేదు. రాలేదంటే బాగున్నారనుకున్నాను. డబ్బులు ముందే తీసుకున్నదాన్ని, రానివాళ్ల గురించే కదా నేను ఎక్కువ ఆలోచించాలి? మనిషి వచ్చేకే చూసేటట్టయితే ఆ పాత ఆసుపత్రికీ నాకూ తేడా ఏంటి?"

ఆ మాటతో, అంతకుముందు నాకు అర్థం కాని ఆ టీ తాగుతూ చెప్పిన మాట అర్థమైంది.

కాకినాడ నుంచి వచ్చిన మర్నాడే క్లినిక్ గేటుకి బోర్డు పెట్టారు. ముందు పెన్సిలుతో దిద్ది, తర్వాత పెయింటుతో ఆవిడే రాశారు. "దయచేసి చేతులూపుకుంటూ రండి." ఊళ్లో పెద్ద గోలే అయింది. మా చెట్టు కాయలు మా ఇష్టమండీ అని అలిగినవాళ్లు కూడా ఉన్నారు. "మీ ఇంటికొచ్చినప్పుడు పెట్టండి, కడుపు నిండా తింటాను. ఇక్కడికి మటుకు తేవొద్దు" అనేవారు. ఎవరైనా సంచితో వస్తే, సంచి గేటు దగ్గరే ఉంచాలి, వెళ్లేటప్పుడు పట్టుకుపోవాలి. పట్టుకుపోకపోతే నేను మోపెడ్ మీద వాళ్లింటికి వెళ్లి దింపి రావాలి. ఎండలో అరటి గెల వెనక కట్టుకుని తిరిగి, నేను ఆవిడని ఎన్ని తిట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

రెండో మార్పు, రానివాళ్ల జాబితా. పొద్దున్న తొమ్మిదింటికి తలుపులు తీయకముందే ఇద్దరం కూర్చుని, నెలరోజులుగా మొహం చూపించని ఇళ్ల పేర్లు చదువుకునేవాళ్లం. నేను ఫోన్లు చేయాలి. మొదటి వారం నేను చేసిన ఫోన్లన్నీ దండగ.

"ఎలా ఉన్నారండీ?"

"బాగానే ఉన్నామండీ, ఆయ్. తమరు బాగున్నారా?"

గోదావరి మనిషిని ఎలా ఉన్నారని అడిగితే బాగానే ఉన్నామనక ఏమంటాడు? ప్రాణం పోతున్నా ముందు మన క్షేమం అడుగుతాడు. ఆవిడ పక్కన కూర్చుని వింటూ విసుక్కున్నారు. "సిస్టరుగారూ, బాగానే అనడానికి వీల్లేని ప్రశ్న అడగండి" అన్నారు. అప్పట్నుంచి నా ప్రశ్నలు మారాయి. నిన్న సాయంత్రం ఎంతదాకా నడిచారు? మధ్యలో ఎన్నిసార్లు ఆగారు? ఏ కాలి చెప్పు బిగుతుగా ఉంటోంది? చొక్కా వదులైందా? అలా అడిగితే నిజాలు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. ఒకావిడ, చెప్పు బిగుతుగా ఉందనుకుని కొత్త జత కొనుక్కున్నానంది. ఆ మధ్యాహ్నమే ఆవిణ్ని పిలిపించి చూస్తే కాళ్లకి నీరు. గుండె బలహీనపడిందని అలా తెలిసింది. చెప్పుల కొట్టు దాకా వెళ్లిన మనిషి, డాక్టరు దగ్గరికి రావడానికి మొహమాటపడింది.

ఒక్క విషయంలో ఆవిడకీ నాకూ గట్టిగా చెడింది. మా పిన్నివాళ్లు చేరతామన్నారు. నాలుగు వందలూ నిండి ఉన్నాయి, కుదరదన్నారు. బతిమాలాను. ఒక్క ఇల్లే కదండీ అన్నాను. "నాలుగు వందల ఒకటో ఇంటికి ఒప్పుకున్నాననుకోండి, మీ నాన్నగారి లాంటి వాళ్లు ఒకరు నా బుర్రలోంచి జారిపోతారు. ఎవరు జారిపోవాలో మీరే చెప్పండి" అన్నారు. మూడు రోజులు ఆవిడతో బీపీ అంకెలు తప్ప మాట్లాడలేదు. పిన్ని అమలాపురంలో డబ్బులిచ్చి చూపించుకుంటూ, ఒక ఏడాది తిరిగాక, ఎవరో ఊరు మారి ఖాళీ వస్తే చేరింది. ఆ ఏడాది పిన్నికి ఏమైనా అయి ఉంటే నేను ఆవిణ్ని క్షమించేదాన్ని కాదు. గేటు లోపల ఉన్నవాళ్లకి ఇంత శ్రద్ధ, బయట ఉన్నవాళ్లకి ఏమిటి దారి అని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. ఆవిడకీ అనిపించేది. "ఇలాంటివి ఊరికి నాలుగుండాలి సిస్టరూ, నేనొక్కదాన్నీ నాలుగు కాలేను" అనేవారు.

నాన్న కాలికి నాలుగు నెలలు కట్లు కట్టారు. సగం రోజులు ఇంటికి వచ్చే కట్టారు. పుండు మానింది కానీ, ఆయన నోటితో నొప్పి అనే మాట అనిపించడం మటుకు ఆవిడ వల్ల కాలేదు. దూది తీస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి, నోటి వెంట మాత్రం "బాగానే ఉందండీ".

"బాబాయ్‌గారూ, మీరు నిజం చెప్పకపోతే నా చదువంతా దండగండీ. నేను అడిగేవి మూడే ముక్కలు. ఎక్కడ? ఎప్పట్నించి? ఎంత? చెప్పండి."

"ఇక్కడేలెండి."

"ఎప్పట్నించండీ?"

"మొన్నెప్పుడోనండీ."

"ఎంతుంది?"

"ఎంతో లేదండీ, అదే తగ్గిపోద్ది."

ఆవిడ తల పట్టుకునేవారు. పక్కనుంచి నేను కసిరితే మాత్రం నా మీదే ఎగిరేవారు. నొప్పి చెప్పుకుంటే పనిలోకి పిలవని రోజులు ఆయన చూశారు, ముప్పై ఏళ్లు దాచుకున్నవారు మూడు నెలల్లో ఎలా చెబుతారు అనేవారు. నాకు ఆ మాట సూటిగా తగిలింది. చిన్నప్పుడు నాన్న చెట్టు మీంచి జారి నడుం పట్టేసి కూడా, మర్నాడు పనిలోకి వెళ్లడం నేను చూశాను. అప్పుడు మా నాన్న ఎంత బలవంతుడో అని గొప్పగా అనుకున్నాను.

కిందటేడాది చివర్లో ఒక ఉదయం డాక్టరమ్మగారు గదిలోంచి హాల్లోకి వచ్చి నిలబడ్డారు. బెంచీల మీద పదిహేను మంది దాకా ఉన్నారు. షుగరు చూపించుకోవడానికి వచ్చిన మా నాన్నా ఉన్నాడు. నాకు కూడా ముందు చెప్పలేదు.

"మీ అందరికీ ఒక సంగతి చెప్పాలండీ. నా వంట్లో బాగోలేదు. పొట్ట పైభాగంలో నొప్పి. మూడు నెలల్నించి. మొదట్లో వచ్చిపోతా ఉండేది, ఇప్పుడు అన్నం తినలేనంత. పరీక్షలు చేయించేను. కేన్సరండీ, ముదిరింది. మొదట్లో నేనూ ఎవరికీ చెప్పకుండా మూడు వారాలు ఊరుకున్నాను. చాలా తప్పు చేసేను. మీరెవరూ నాలా చెయ్యకండి."

ఆవిడ ఒకసారి అందరి మొహాలూ చూసి, "తర్వాత ఎవరండీ, రండి లోపలికి" అన్నారు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు. నా మాట వినని మనిషి, గోడకేసి చూస్తూ, "అమ్మగారు అందరి ముందూ చెప్పేసేరే" అని రెండుమూడు సార్లు అనుకున్నాడు. చెప్పుకోవడంలో సిగ్గు లేదని ఆయనకి బహుశా అదే మొదటిసారి కనబడి ఉంటుంది.

ఆ తర్వాత ఆవిడ ఉన్న ఓపికంతా కూడగట్టుకుని రాజోలు నుంచి ఒక డాక్టరుగారిని ఒప్పించి తెచ్చుకున్నారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వందల ఇళ్ల గురించీ ఒక్కొక్కటే చెప్పారు. రెండు నెలలు పట్టింది. మందులూ పరీక్షలూ కాగితాల్లో ఉంటాయి. ఆవిడ చెప్పింది కాగితాల్లో లేనివి. ఈవిడ కోడలి ముందు మాట్లాడదు, విడిగా అడగండి. ఈయన మాత్ర వేసుకున్నానంటాడు, డబ్బా తెమ్మనండి. మా నాన్న దగ్గరికి వచ్చేసరికి, "ఈయన బాగానే ఉందంటే నమ్మకండి" అన్నారు.

ఆవిడ కాకినాడలో చెల్లెలుగారింట్లో ఉండగా ఒకసారి చూడ్డానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. నన్ను చూడగానే, "రానివాళ్ల జాబితాలో ఎవరున్నారు సిస్టరూ?" అని అడిగారు.

"మీరేనండీ" అన్నాను.

నవ్వారు. నవ్వితే నొప్పి వచ్చి పొట్ట పట్టుకున్నారు. పొట్ట పట్టుకుని కూడా నవ్వారు. అదే ఆఖరు చూపు.

సోమవారం మధ్యాహ్నానికి ఆవిణ్ని కొత్తపేట దగ్గర సొంతూరికి తెచ్చారు. మేం వెళ్లేసరికి వాకిలి నిండిపోయింది. నాలుగు వందల ఇళ్ల వాళ్లలో రానివాళ్లు ఎవరో నాకు తెలియలేదు. గౌతమి గట్టు మీది శ్మశానం దాకా నాన్న కర్ర పట్టుకుని నడిచాడు. ఆటో ఎక్కమంటే ఎక్కలేదు. ఏడవలేదు.

బుధవారం పొద్దున్న నేను డ్యూటీకి తయారవుతుంటే నాన్న వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నాకు నొప్పిగా ఉందే."

నా చేతిలో గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నలభై తొమ్మిదేళ్ల నా బతుకులో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. బెంగతో అలా అంటున్నాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ మొహాన చెమట పట్టి ఉంది. కూర్చోబెట్టి బీపీ చూశాను. కొత్త డాక్టరుగారికి ఫోను చేస్తే, మాత్ర ఏది నమిలించాలో చెప్పి, ఆగకుండా అమలాపురం తీసుకెళ్లమన్నారు. పక్కింటివాళ్ల కారులో బయల్దేరాం. వంతెన మీద లారీల వెనక ఆగిపోయినప్పుడు నేను హారన్ కొట్టమని అరుస్తుంటే, నాన్నే నా చెయ్యి పట్టుకున్నాడు.

మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తున్నాను, మా నాన్న బతికాడు. గుండెకి రక్తం వెళ్లే దారిలో అడ్డు పడిందట. తొందరగా తెచ్చారు కాబట్టి సరిపోయిందన్నారు, ఇంకో గంట ఇంట్లోనే ఉంటే చెప్పలేమన్నారు.

ఆ అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరమ్మాయి, నాన్న గుండెల మీద వైర్లు అంటిస్తూ, రోజూ అందరినీ అడిగే మాటే అడిగింది. "ఏంటి తాతగారూ, ఏమైంది?" అని. ఆయన తరఫున చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాన్న చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"గుండెల మధ్యన నొప్పండీ. పొద్దున్న ఏడున్నర నించి. ఎడం చేతిలోకి లాగుతుంది. నిన్న లేదు. మెట్టెక్కితే ఎక్కువవుతుంది, కూర్చుంటే కొంచెం ఆగుతుంది. చాలా ఉందమ్మా. ఓర్చుకోలేను."

ఆ అమ్మాయి గబగబా రాసుకుంది. సూది వేశారు, ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి నొప్పి తగ్గి, మొహంలోకి రంగు వచ్చింది. ఇంకేమైనా ఇబ్బంది ఉందా తాతగారూ అని ఆ అమ్మాయి మాటవరసకి అడిగింది. నాన్న మాస్కు కొంచెం పక్కకి జరుపుకున్నాడు. ఉందండీ, నడుం అన్నాడు. చెట్టు మీంచి పడ్డప్పటి నించి, మా అమ్మాయి మూడో క్లాసులో ఉండగా. పొద్దున్న లేవంగానే వంగలేను. కుడి భుజం పైకి లేవదండీ, అది పదేళ్లయింది. మోకాలు రెండూనూ. కంట్లో మంట. తీసేసిన వేళ్ల దగ్గర చలికాలం సలుపుద్దండీ, వేళ్లు లేకపోయినా. నేను మంచం కోళ్ల దగ్గర నిలబడి వింటున్నాను. వీటిల్లో ఒక్కటీ నాకు తెలియదు. ఆ అమ్మాయి కాగితం తిప్పి రెండో వైపు రాయడం మొదలుపెట్టింది. నాన్న ఇంకా చెబుతున్నాడు.